సంరక్షక విద్యార్థి: దూరపు చదువు, ఇంటి బాధ్యత

ఊరు దాటి, జిల్లా దాటి, ఒక్కోసారి దేశం దాటి చదువుకుంటూనే, ఇంట్లో జబ్బుపడ్డ తల్లిదండ్రులనో, మంచాన పడ్డ నాయనమ్మనో, వైకల్యమున్న తమ్ముణ్ణో చూసుకునే యువతీయువకులను సంరక్షక విద్యార్థులు అనవచ్చు. ఇంటి ఖర్చులో కొంత బరువు కూడా వీరి మీదే ఉంటుంది. తెలుగులో ఈ మాట ఇంకా స్థిరపడలేదు. వాడుకలో "ఇంటి పరిస్థితులు బాగోలేవు" అనే ఒక్క ముక్కతో సరిపెడతారు. ఆ ముక్క వెనక వారానికి మూడుసార్ల డయాలసిస్ ఉండవచ్చు, పంట పోయి మిగిలిన అప్పు ఉండవచ్చు, పక్షవాతంతో మాట పడిపోయిన తండ్రి ఉండవచ్చు. కళాశాల రిజిస్టరుకు మాత్రం ఇవన్నీ ఒకటే గుర్తు: గైర్హాజరు. ఈ వ్యాసం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యార్థుల్లోనూ, అక్కడి నుంచి విదేశాలకు వెళ్ళిన తెలుగు విద్యార్థుల్లోనూ ఈ స్థితిని వివరిస్తుంది.

బాధ్యత స్వరూపం

సంరక్షణ అనగానే పక్కన కూర్చుని మందులు వేయడం, స్నానం చేయించడం, ఆసుపత్రికి తీసుకెళ్ళడం గుర్తొస్తాయి. దూరంగా ఉన్న విద్యార్థి ఇవన్నీ సెలవుల్లోనూ ఆదివారాల్లోనూ చేస్తాడు. మిగతా రోజుల్లో అతని సంరక్షణ అంతా ఫోనులోనే సాగుతుంది. కుటుంబంలో ఇంగ్లీషు చీటీ చదవగలిగిన మొదటి మనిషి చాలాసార్లు ఆ విద్యార్థే. రక్తపరీక్ష కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో అతనికే పంపుతారు. క్రియాటినిన్ ఎంత ఉందో చూసి, పోయిన నెల రిపోర్టుతో పోల్చి, "అమ్మా, కంగారు పడకు, సోమవారం డాక్టరుగారికి చూపిద్దాం" అని చెప్పేది అతనే. ఆరోగ్యశ్రీ అనుమతి వచ్చిందా, బ్యాంకు వాయిదా కట్టామా, చెల్లెలి కౌన్సెలింగ్ తేదీ ఎప్పుడు అన్నవి కూడా ఆ ఫోను మీదే నడుస్తాయి.

మూడో బరువు డబ్బు. హాస్టల్లో ఉంటూ ట్యూషన్లు చెప్పడం, రాత్రిపూట డెలివరీ పనికి వెళ్ళడం, స్కాలర్‌షిప్పు సొమ్ములో కొంత ఇంటికి పంపడం, మెస్ బిల్లు తగ్గించుకోవడానికి ఒక పూట మానేయడం దీని రూపాలు. చేతి పని, ఫోను పని, డబ్బు పని అనే ఈ మూడూ ఒక మనిషి మీదే పడినప్పుడు మొదట దెబ్బ తినేది చదువు.

చరిత్ర

ఇంటికి దూరంగా ఉండి చదువుకోవడం తెలుగువారికి కొత్త కాదు. హాస్టళ్ళు లేని రోజుల్లో పేద విద్యార్థులు "వారాలు" చేసుకునేవారు. సోమవారం ఒకరి ఇంట్లో, మంగళవారం మరొకరి ఇంట్లో భోజనం. ఏడు ఇళ్ళు కుదిరితే వారం గడిచినట్టే. టంగుటూరి ప్రకాశం (1872–1957) చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను పెంచారు. ఉపాధ్యాయుడు హనుమంతరావు నాయుడు ఆయనను రాజమండ్రి తీసుకెళ్ళి చదివించారు. ఆ కుర్రవాడే న్యాయవాదిగా ఎదిగి 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. తల్లి కష్టం, గురువు చేయూత ఒక్కచోట కలవబట్టి ఆ చదువు నిలబడింది.

తరవాత సంస్థలు వచ్చాయి. హైదరాబాదులో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం, అదే ఏడాది రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి చొరవతో రెడ్డి హాస్టల్ మొదలయ్యాయి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో తొలి గురుకుల పాఠశాల తెరిచారు. 1982లో హైదరాబాదు కేంద్రంగా దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. నేటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. 2008లో గ్రామీణ విద్యార్థుల కోసం ఆర్‌జీయూకేటీ ట్రిపుల్ ఐటీలు బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో ప్రారంభమయ్యాయి. పదో తరగతి కాగానే చేరి ఆరేళ్ళు అక్కడే ఉండే ఈ చదువులో పిల్లలు పదిహేనేళ్ళకే ఇల్లు విడుస్తారు.

వారాల నుంచి ట్రిపుల్ ఐటీల దాకా ప్రతి ఏర్పాటూ విద్యార్థి అన్నం, ఫీజు, వసతి గురించి ఆలోచించింది. ఆ విద్యార్థి వదిలి వచ్చిన ఇంట్లో మంచం మీద ఉన్న మనిషిని ఎవరు చూసుకుంటారన్నది మాత్రం ఏ ఏర్పాటులోనూ లెక్కకు రాలేదు.

కారణాలు

కళాశాలలు హైదరాబాదు, విజయవాడ, గుంటూరు, విశాఖ, తిరుపతి చుట్టూ పోగుపడ్డాయి. పెద్ద ఆసుపత్రులదీ అదే దారి. క్యాన్సరు వస్తే హైదరాబాదు ఎంఎన్‌జే, క్లిష్టమైన జబ్బులకు నిమ్స్, ఉత్తరాంధ్రకు విశాఖ కేజీహెచ్, చిత్తూరు వైపు వారికి తిరుపతి స్విమ్స్ లేదా వేలూరు సీఎంసీ. కొడుకు చదివే ఊరూ, తండ్రికి వైద్యం జరిగే ఊరూ, తల్లి కూలికి వెళ్ళే ఊరూ మూడూ వేరైనప్పుడు ఆ మూడింటినీ కలిపే పని విద్యార్థిదే అవుతుంది.

వలస మరో కారణం. జగిత్యాల, నిజామాబాదు ప్రాంతాల నుంచి తండ్రులు గల్ఫ్ దేశాలకు వెళ్తారు. కోనసీమ, రాయచోటి వైపు నుంచి తల్లులు కువైట్‌లో ఇంటిపనికి వెళ్తారు. అలాంటి ఇళ్ళలో అవ్వాతాతలకు పెద్దదిక్కు కాలేజీలో చదివే మనవడో మనవరాలో. ఒకప్పుడు ఉమ్మడి కుటుంబంలో పిన్ని, బాబాయి, మేనత్త పంచుకున్న పని ఇప్పుడు ఇద్దరు పిల్లల మీదికి వచ్చింది. వారిలో ఒకరు పరాయి ఊరి హాస్టల్లో ఉంటారు.

ఉద్దానం ఉదాహరణ

శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. కొబ్బరి, జీడి తోటల పచ్చదనం వెనక ఇక్కడ దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా ఇంటింటినీ పీడిస్తోంది. ఎన్నో పరిశోధనలు జరిగినా దీనికి కారణం ఇదేనని ఇంతవరకు తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అంతకుముందు డయాలసిస్ కోసం రోగులు విశాఖ దాకా వెళ్ళిన రోజులూ ఉన్నాయి.

డయాలసిస్ సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు. మంగళ, గురు, శనివారాలు ఒక రోగి వంతు అనుకుందాం. కొడుకు పలాసకు దాదాపు 200 కిలోమీటర్ల దూరంలోని విశాఖలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. మంగళ, గురువారాల్లో తల్లి తోడు వెళ్తుంది. ఆమె జీడిపప్పు పరిశ్రమలో పిక్కలు కొట్టే పనికి పోతుంది కాబట్టి ఆ రెండు రోజుల కూలి పోయినట్టే. మూడో రోజు కూడా పోతే పొయ్యి మీదికి బియ్యం రావు. అందుకని శుక్రవారం సాయంత్రం కొడుకు రైలెక్కుతాడు. శనివారం తెల్లవారుజామునే తండ్రిని ఆటోలో తీసుకెళ్ళి, బరువు చూయించి, డయాలసిస్ కోసం ఫిస్టులా పెట్టిన చేతికి బీపీ పట్టీ కట్టకుండా గమనించి, నాలుగు గంటలూ పక్కన కూర్చుంటాడు. ఒడిలో ల్యాబ్ రికార్డు తెరిచి ఉంటుంది. తండ్రికి కాళ్ళు తిమ్మిరెక్కితే రికార్డు పక్కన పెట్టి పాదాలు ఒత్తుతాడు. దాహమేస్తోందంటే సీసా మూతతో కొలిచి నీళ్ళు పోస్తాడు, ఎందుకంటే రోజుకు ఇన్ని నీళ్ళే తాగాలన్న లెక్క ఉంది. మధ్యాహ్నం ఇంటికి తీసుకొచ్చి పడుకోబెడతాడు. ఆదివారం బట్టలుతికి, వారానికి సరిపడా మందులు పొట్లాలు కట్టి, రాత్రికి హాస్టల్ చేరుకుంటాడు.

ఈ కుర్రవాడి హాజరు లెక్క చూస్తే సమస్య ఎక్కడుందో తెలుస్తుంది. సెమిస్టరు 16 వారాలు, వారానికి ఆరు రోజుల చొప్పున 96 రోజులు. శనివారాలన్నీ పోతే మిగిలేవి 80. తండ్రికి ఇన్ఫెక్షన్ వచ్చి రెండు వారాలు ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే, శనివారాలు కాక మరో 10 రోజులు పోయి 70కి, అంటే దాదాపు 73 శాతానికి, దిగుతుంది. అలాంటి రెండు వారాలు ఇంకోసారి వస్తే 60 రోజులు, 62.5 శాతం. ఒక్క రోజు కూడా సినిమాకో షికారుకో ఎగ్గొట్టకుండానే అతను ఏడాది కోల్పోయే చోటికి చేరతాడు.

విద్యా నిబంధనలు

జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలల్లో సెమిస్టరు పరీక్ష రాయాలంటే 75 శాతం హాజరు ఉండాలి. 65 నుంచి 75 శాతం మధ్య ఉంటే తగిన కారణం చూపి, రుసుము కట్టి మినహాయింపు పొందవచ్చు. విద్యార్థులు దీన్ని కాండొనేషన్ అంటారు. 65కు తగ్గితే డిటెయిన్ చేస్తారు, ఆ సెమిస్టరు మళ్ళీ చదవాలి. నాలుగేళ్ళ బీటెక్‌ను ఎనిమిదేళ్ళలో పూర్తిచేసే గడువు ఉంది కాబట్టి చదువు అంతటితో ముగిసిపోదు. కానీ డిటెయిన్ అయిన ఏడాదికి ఫీజు సాయం చిక్కుల్లో పడుతుంది, హాస్టల్ గది పోతుంది, తోటివారు ముందుకు వెళ్ళిపోతారు.

మినహాయింపుకు చాలా కళాశాలల్లో మెడికల్ సర్టిఫికెట్ అడుగుతారు. అది విద్యార్థి జబ్బుకు సంబంధించినదై ఉండాలన్నది అలవాటుగా వస్తున్న అర్థం. తండ్రి డయాలసిస్ కాగితాలు ఎన్ని ఉన్నా కొన్నిచోట్ల పనికిరావు. అందుకే నిక్షేపంలా ఉన్న పిల్లలు తమకే టైఫాయిడ్ వచ్చినట్టు సర్టిఫికెట్ తెచ్చుకుని పెట్టే పరిస్థితి వస్తుంది. కన్నతండ్రికి చేసిన సేవను దాచి, లేని జ్వరాన్ని రాయించే నిబంధన మార్చి తీరవలసిన నిబంధన.

చట్టాలు ఈ బాధ్యతను ఎరగనివి కావు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం స్థోమత ఉన్న సంతానం మీద తల్లిదండ్రుల పోషణ బాధ్యత పెట్టింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సంరక్షకుడు అంటే ఎవరో నిర్వచించి, అందులో కుటుంబ సభ్యులనూ చేర్చింది. యూజీసీ 2016 నిబంధనల్లో మహిళా పరిశోధకులకు 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇచ్చింది. బిడ్డను చూసుకోవడానికి సెలవు ఉన్నప్పుడు తల్లినో తండ్రినో చూసుకోవడానికీ ఉండాలన్నది న్యాయమైన కోరిక.

2020 జాతీయ విద్యావిధానం మధ్యలో ఆపి మళ్ళీ చేరే వీలు కల్పించింది. మొదటి ఏడాదితో ఆగితే సర్టిఫికెట్, రెండేళ్ళకు డిప్లొమా. సంపాదించిన క్రెడిట్లను 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో ఏడేళ్ళ వరకు దాచుకోవచ్చు. అయితే ఇలా మధ్యలో ఆగాలనుకునే విద్యార్థులకు అసలైన అడ్డంకి తరచు ప్రవేశమప్పుడు ఇచ్చిన పాత సర్టిఫికెట్లు. ఒరిజినల్స్ కళాశాలలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లో స్పష్టం చేసినా, ఫీజు బాకీ పేరుతో ఆపే పద్ధతి పూర్తిగా పోలేదు.

ఆర్థిక సాయం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 ప్రాంతంలో విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల లక్షల ఇళ్ళలో తొలి పట్టభద్రులు వచ్చారు. తెలంగాణలో దీనికి కుటుంబ ఆదాయ పరిమితి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన వసతి దీవెన కింద డిగ్రీ, ఆపై కోర్సుల వారికి భోజన వసతి ఖర్చుకు ఏడాదికి 20,000 రూపాయలు నిర్ణయించారు. సాంకేతిక విద్య చదివే ఆడపిల్లలకు ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్పు, తల్లిదండ్రులను కోల్పోయినవారికి స్వనాథ్ స్కాలర్‌షిప్పు ఏడాదికి 50,000 చొప్పున ఇస్తాయి.

రోగి వైపు నుంచి చూస్తే, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆసుపత్రి ఖర్చు భరిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. తెలంగాణలో 2018లో వచ్చిన రైతు బీమా, రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు ఇస్తుంది. ఇవన్నీ విలువైనవే. అయితే ఒక పథకం విద్యార్థిని చూస్తుంది, మరొకటి రోగిని చూస్తుంది. ఆ ఇద్దరి మధ్య రైల్లో తిరిగే మనిషి దారిఖర్చు, అతను పోగొట్టుకున్న తరగతులు, తోడున్నవారి పూటభోజనం ఏ పద్దులోనూ పడవు.

తండ్రి ప్రభుత్వోద్యోగిగా ఉండి చనిపోయిన ఇంట్లో మరో చిక్కుముడి పడుతుంది. కారుణ్య నియామకానికి సాధారణంగా ఏడాదిలోగా దరఖాస్తు పెట్టాలి. డిగ్రీ మధ్యలో ఉన్న పిల్లవాడు చదువు వదిలి జూనియర్ అసిస్టెంటుగా చేరాలా, చదువు పూర్తిచేసి ఇంకా పెద్ద ఉద్యోగం కోసం చూడాలా? ఆర్టీసీ, సింగరేణి కుటుంబాల్లోనూ ఇదే ప్రశ్న. పెద్దకర్మ కాకముందే దీనికి జవాబు చెప్పాల్సి వచ్చిన ఇళ్ళు ఉన్నాయి. చాలామంది ఉద్యోగంలో చేరి, తరవాత సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా డిగ్రీ పూర్తిచేసుకున్నారు.

ఆడపిల్లల మీద బరువు

జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశవ్యాప్తంగా కాల వినియోగ సర్వే చేసింది. ఆ సర్వే ప్రకారం, ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు జీతంలేని ఇంటిపనికి వెచ్చించారు. ఇంట్లోవారి సంరక్షణ చేసేవారిలో స్త్రీలు 134 నిమిషాలు, పురుషులు 76 నిమిషాలు.

ఈ తేడా హాస్టల్ గదిలోకీ వస్తుంది. అమ్మకు ఆపరేషన్ అయితే "అన్నయ్యకు పరీక్షలున్నాయి, నువ్వు రా తల్లీ" అని ఫోను వచ్చేది కూతురికే. ఆమెకూ పరీక్షలు ఉంటాయి. కొడుకును డబ్బు పంపమంటారు, కూతుర్ని మనిషిని రమ్మంటారు. డబ్బు మళ్ళీ సంపాదించుకోవచ్చు, పోయిన సెమిస్టరు వయసుతోపాటు పోతుంది. అలా ఆగిన చదువు మీదికి పెళ్ళి సంబంధం వస్తే ఆమె తిరిగి హాస్టల్‌కు వెళ్ళే దారి మూసుకుపోయినట్టే.

మనసు మీద ప్రభావం

దూరం వల్ల పుట్టే బాధకు రెండు ముఖాలు. హాస్టల్లో ఉంటే ఇంట్లో లేనన్న అపరాధభావం, ఇంట్లో ఉంటే పాఠాలు పోతున్నాయన్న దిగులు. వేళగాని వేళ ఫోను మోగితే గుండె ఝల్లుమనడం వీరందరికీ తెలిసిన అనుభవం. పిల్లలు తల్లిదండ్రుల పాత్ర మోయడాన్ని కుటుంబ మనోవిజ్ఞానంలో పేరెంటిఫికేషన్ అంటారు.

తల్లిదండ్రులు దాచే నిజాలు ఈ బాధను పెంచుతాయి. "నీకు పరీక్షలని చెప్పలేదు నాన్నా" అన్న మాటలో ప్రేమ నిండుగా ఉంది. కానీ ఆ మాట ఒకసారి విన్న పిల్లలు ఆ తరవాత "అంతా బాగానే ఉంది" అన్నా నమ్మలేరు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకునే ఇంట్లో పిల్లలకు నిద్ర పడుతుంది. బాధ చెప్పుకునే మనిషి దొరకనప్పుడు, కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలిమానస్ మానసిక ఆరోగ్య సేవ 14416 నంబరులో తెలుగులోనూ పలుకుతుంది.

ఈ బాధ్యత నేర్పేది కూడా ఉంది. మందుల లెక్క, డాక్టరుతో మాట్లాడే తీరు, అప్పులవాణ్ణి నెమ్మదింపజేసే ఓర్పు ఏ సిలబస్‌లోనూ లేవు. ఆ నేర్పును మెచ్చుకుని ఊరుకుంటే చాలదు, అది అబ్బడానికి వారు చెల్లించిన మూల్యాన్నీ చూడాలి.

విదేశాల్లో తెలుగు విద్యార్థులు

2023–24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు చదివారు. వారిలో తెలుగువారు పెద్దసంఖ్యలో ఉన్నారు. ఇల్లో పొలమో తాకట్టుపెట్టి తెచ్చిన విద్యారుణం వెనక ఉండగా, తండ్రికి గుండెపోటు వచ్చిందన్న కబురు డల్లాస్‌లో ఉన్న కొడుకుకు అర్ధరాత్రి చేరుతుంది.

ఎఫ్-1 వీసా నిబంధనల్లో విద్యార్థి తనకు జబ్బు చేస్తే తక్కువ కోర్సులు తీసుకునే అనుమతి ఉంది. ఇంట్లోవారి జబ్బు ఆ జాబితాలో లేదు. సెమిస్టరు మధ్యలో వెళ్ళాల్సి వస్తే కళాశాలలోని అంతర్జాతీయ విద్యార్థుల అధికారికి ముందే చెప్పి అనుమతి తీసుకోవాలి. ఐదు నెలలకు మించి బయట ఉంటే సాధారణంగా కొత్త ఐ-20 పత్రంతో మళ్ళీ మొదలుపెట్టాలి. చదివించే తండ్రి సంపాదన హఠాత్తుగా పడిపోతే "తీవ్ర ఆర్థిక ఇబ్బంది" కింద, ఒక విద్యాసంవత్సరం పూర్తిచేసినవారు, తరగతులు జరిగే కాలంలో వారానికి 20 గంటల వరకు క్యాంపస్ బయట పనిచేసే అనుమతి కోరవచ్చు. ఈ వెసులుబాటు తెలియక చాలామంది చట్టవిరుద్ధమైన పనుల్లో చిక్కుకుంటారు.

ఇతర దేశాల్లో గుర్తింపు

బ్రిటన్‌లో జో ఆల్డ్రిడ్జ్, సాల్ బెకర్‌ల 1993 నాటి అధ్యయనం సంరక్షణ చేసే పిల్లలను లోకానికి చూపించింది. 2014లో వచ్చిన చట్టాలు ఇంగ్లండులో అలాంటివారి అవసరాలు అంచనా వేసే బాధ్యతను స్థానిక సంస్థలకు అప్పగించాయి. విశ్వవిద్యాలయ ప్రవేశాలు చూసే యూకాస్ 2023 ప్రవేశాల నుంచి దరఖాస్తులోనే సంరక్షణ బాధ్యతల గురించి అడుగుతోంది. స్కాట్లండ్ 2019లో యువ సంరక్షకులకు ప్రత్యేక గ్రాంటు తెచ్చింది. ఆస్ట్రేలియాలో వారికి బర్సరీ ఉంది. అక్కడా లోపాలు లేకపోలేదు. ఇంగ్లండులో వారానికి 21 గంటలు, అంతకు మించి చదివేవారికి సంరక్షణ భత్యం రాదు.

చేయదగినవి

విద్యార్థి వైపు నుంచి మొదటి పని ముందే చెప్పడం. హాజరు 65కు దిగాక చెప్పే మాటకన్నా సెమిస్టరు మొదటి వారంలో క్లాస్ టీచరుకూ వార్డెనుకూ రాతపూర్వకంగా, ఆసుపత్రి కాగితాల నకళ్ళతో ఇచ్చిన అర్జీకి విలువ ఎక్కువ. ఇంట్లో మందులు, రిపోర్టులు, డాక్టరు ఫోను నంబరు ఒకే పుస్తకంలో ఉంటే ఎవరైనా తోడు వెళ్ళగలుగుతారు. అక్కాచెల్లెళ్ళు, అన్నదమ్ములు వంతులు వేసుకోవాలి. విద్యారుణం ఉంటే, చదువు ఆలస్యమవుతుందని తెలిసిన రోజే బ్యాంకుకు చెప్పి గడువు పొడిగింపు కోరాలి.

సంస్థలు చేయగలిగింది ఇంకా తేలిక. ప్రవేశ దరఖాస్తులో కులం, ఆదాయం, స్థానికత అడిగే చోట "ఇంట్లో ఎవరినైనా చూసుకునే బాధ్యత మీకు ఉందా?" అని ఒక గడి చేర్చవచ్చు. కాండొనేషన్‌కు తల్లిదండ్రుల వైద్య కాగితాలను ఒప్పుకోవచ్చు. ఊరెళ్ళిన రోజులకు మెస్ బిల్లు తగ్గించవచ్చు. పోయిన ల్యాబు మరో బ్యాచ్‌తో చేయనివ్వవచ్చు. వీటిలో దేనికీ పెద్ద నిధులు అక్కర్లేదు.

శనివారం తెల్లవారుజామున పలాసలో తండ్రిని ఆటో ఎక్కించిన కుర్రవాడు సోమవారం కాలేజీలో ఒక సెలవుచీటీ రాయాలి. "మా నాన్నగారికి డయాలసిస్, నేను తోడు వెళ్ళాను" అని అందులో ఉన్నదున్నట్టు రాసి, అది చెల్లుతుందన్న ధీమాతో తరగతి గదిలో కూర్చోగలగాలి.